సర్కారు సొమ్ము, భూస్వామి బేరం

భూమిలేని పేదలకు భూమి కొని పెడతామన్న మాట మనకు కొత్తది కాదు. ఎస్సీ కార్పొరేషన్లు ఆ పనిని కొద్దో గొప్పో చాలాకాలంగా చేస్తూనే వచ్చాయి. 2000 సంవత్సరం దాటాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచబ్యాంకు అప్పుతో నడిచిన ‘వెలుగు’ కార్యక్రమంలో పొదుపు సంఘాల మహిళలకు కొంత భూమి కొనిచ్చారు. 2014 ఆగస్టు 15న గోల్కొండ కోట మీద జెండా ఎగరేసిన తెలంగాణ తొలి ప్రభుత్వం, భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలు కొనిస్తామని చెప్పి కొందరికి అక్కడికక్కడే పట్టాలు అందించింది. ఆ రోజు మన కూలీ వాడల్లో ఎంత ఆశ పుట్టిందో ఆ వాడల్లో తిరిగిన వారికి తెలుసు.

ఆ పథకం నడిచినన్నాళ్లూ నడిచి ఆగిపోయింది. కాని దాని వెనక మిగిలిన తగాదాలు ఆగిపోలేదు. కాగితం వుండి భూమి మీదికి పోలేని వాళ్లున్నారు. భూమి మీద వుండి కాగితం లేని వాళ్లున్నారు. డబ్బు తీసుకుని గెట్టు చూపించని అమ్మకందార్లున్నారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ‘కొని ఇస్తాం’ అన్న మాట మళ్లీ లేస్తూనే వుంటుంది. కాబట్టి ఈ విషయం మీద మన కార్యకర్తల్లో ఒక స్పష్టత అవసరమని మేము భావిస్తున్నాం. ఇప్పుడు మనవాళ్లలో రెండు రకాల మాటలు వినబడుతున్నాయి. ఇచ్చినకాడికి పుచ్చుకుందాం, మెలికలు పెడితే ఉన్నదీ పోతుందని కొందరు. ఇది భూస్వాములకు డబ్బు కట్టబెట్టే పథకం, మనం దాని గడప తొక్కకూడదని మరికొందరు. రెండో మాటలో నిజం చాలా వుంది. అయినా ఆ రెండు మాటలతోనూ మాకు పేచీ వుంది.

ముందు లెక్క చూద్దాం. తెలంగాణ పథకంలో ఎకరాకు రెండు లక్షల నుంచి ఏడు లక్షల దాకా పెట్టి కొనవచ్చునన్నారు. పైసా అప్పు లేకుండా మొత్తం సబ్సిడీ. పట్టా ఇంటి ఆడమనిషి పేరు మీద. ఎకరం వున్నవాళ్లకు మరో రెండెకరాలు ఇచ్చి మూడు చెయ్యాలి. మొదటి పంటకు విత్తనం, ఎరువు, దున్నకం ఖర్చు సర్కారే పెట్టాలి. కాగితం మీద ఇంతకంటే మంచి పథకం మనమే రాసుకున్నా రాయలేం. మరి జరిగిందేమిటి? ఏడేళ్లలో సుమారు 7 వేల కుటుంబాలకు సుమారు 17 వేల ఎకరాలు. అంటే ఏడాదికి వెయ్యి కుటుంబాలు. ఈ నడకన లక్ష కుటుంబాలకు ఇవ్వడానికి నూరేళ్లు పడుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ కూలీలు సుమారు కోటీ 70 లక్షలు, సాగుదార్లు సుమారు 65 లక్షలు. పొలం పని చేసేవాళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు కూలీలేనన్నమాట. ఈ సముద్రానికి ఆ చెంబెడు నీళ్లు!

డబ్బు చాలలేదని అధికారులు చెబుతారు. అది నిజమే. లక్ష కుటుంబాలకు తలా మూడెకరాలు, ఎకరం ఐదు లక్షల చొప్పున కొంటే 15 వేల కోట్లు కావాలి. ఆ సొమ్ము ఎక్కడికి పోతుంది? కూలీ ఇంటికి భూమి వస్తుంది గాని, రూపాయి మాత్రం భూస్వామి ఇంటికే పోతుంది. ఆ రూపాయితో అతను పట్నం పక్కన ప్లాట్లు కొంటాడు, వడ్డీకి తిప్పుతాడు, మళ్లీ ఎన్నికల్లో ఖర్చు పెడతాడు. పథకం మంచిదే అయినా బేరం ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

ఆ బేరంలో అమ్మకానికి వచ్చే భూమి ఎట్లాంటిది? కాలువ కింద రెండు పంటలు పండే తరిని ఎవరూ సర్కారుకు అమ్మరు. రోడ్డు పక్కనున్న చెలకను ఏడు లక్షలకు ఎవరూ ఇవ్వరు. అమ్మకానికి వచ్చేది బోరు వేస్తే దుమ్ము లేచే నేల, రాళ్లు తేలిన దిబ్బ, చౌడు పొర పట్టిన పల్లం, అన్నదమ్ముల పంచాయితీలో చిక్కుకున్న ముక్క. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో మొదలైన భూదానంలోనూ గుట్టలూ వాగులూ దానపట్టాల మీదికి ఎక్కిన సంగతి మన పెద్దలు చూశారు. అప్పుడు దానం చేసిన పుణ్యం దక్కింది, ఇప్పుడు ఎకరాకు ధర కూడా దక్కుతోంది. ఇదే తేడా. ఊళ్లో రెండు లక్షలు పలికే నేలకు కాగితం మీద నాలుగు రాసి, మధ్యలోది ముగ్గురు నలుగురు పంచుకున్నారన్న ఫిర్యాదు మేము తిరిగిన అనేక గ్రామాల్లో విన్నాం. దళారీకి ఒక వాటా, సంతకం పెట్టించిన పెద్దమనిషికి ఒక వాటా. చివరికి ఆ భూమి మీద నిలబడి ఎండలో ఏడ్చేది మాత్రం పట్టా అందుకున్న అక్కే.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. అసలు ఆ భూమి అమ్మే హక్కు అమ్మినవాడికి వుందా? 1973 భూపరిమితి చట్టం 1975 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. తరిలో 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కిలో 35 నుంచి 54 ఎకరాలు మించి ఒక కుటుంబానికి వుండరాదని అందులో రాశారు. చట్టం వస్తుందని ఏళ్ల ముందే తెలిసిన భూస్వాములు జీతగాళ్ల పేర, చుట్టాల పేర, చివరికి పెంపుడు కుక్కల పేర కూడా రాశారని జనం చెప్పుకునేవారు. కుక్కల మాట హాస్యమో నిజమో గాని, బినామీ మాత్రం హాస్యం కాదు. అన్నీ పోగా ఉమ్మడి రాష్ట్రంలో మిగులుగా తేల్చింది 8 లక్షల ఎకరాల లోపే. అందులో కూడా కోర్టుల్లో ఇరుక్కున్నది పోను పంచింది ఇంకా తక్కువ. ఇప్పుడు ఒక పెద్దాయన కొడుకు వచ్చి తనకున్న ఇరవై ఎకరాలు సర్కారుకు అమ్ముతానంటే, వాళ్ల తండ్రి సీలింగు డిక్లరేషన్లో ఏం రాశాడో చూసే నాథుడెవరు? చూడకుండా కొంటే, ధర లేకుండా ప్రజలకు రావాల్సిన భూమినే ప్రజల డబ్బు పోసి కొన్నట్టవుతుంది. అసైన్డు భూముల సంగతీ ఇంతే. పేదలకిచ్చిన భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు, అయినా మారింది. కోనేరు రంగారావు కమిటీ 2006లో ఇచ్చిన 104 సిఫారసులు ఈ భూములను వెలికి తీసే దారి చూపాయి. ఆ సిఫారసులు అమలు చెయ్యమని 2007లో పేదలు రోడ్డెక్కితే జూలై 28న ముదిగొండలో తుపాకులు మాట్లాడాయి. అప్పుడు భూమి అడిగినవాళ్లకు తూటాలు పెట్టిన రాజ్యమే, తర్వాత భూమి అమ్మినవాళ్లకు చెక్కులు రాసింది. ఈ తేడాను మన కార్యకర్తలు ప్రతి సభలోనూ చెప్పాలి.

ఇక ఊళ్లలో మనల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతున్న తగాదా దగ్గరికి వద్దాం. మామూలుగా పత్రికల్లో దీన్ని రాయరు. ఇది దొరకూ కూలీకీ మధ్య తగాదా కాదు, పేదకూ పేదకూ మధ్య తగాదా.

మేము పోయిన ఒక ఊళ్లో జరిగింది చెబుతాం. పద్ధెనిమిది ఎకరాల చెలక. ఆసామి పట్నంలో వుంటాడు. ఆ చెలకను ఒక గొల్ల కుటుంబం పధ్నాలుగేళ్లుగా కౌలుకు చేస్తోంది. ముళ్లకంప కొట్టింది వాళ్లు, రాళ్లు ఏరి గట్టు పోసింది వాళ్లు, చెరువు మట్టి తోలింది వాళ్లు. ఒక వానాకాలంలో పత్తి మోకాలెత్తు వచ్చాక తెలిసింది, భూమిని సర్కారు కొన్నదని, ఆరుగురు మాదిగ ఆడవాళ్లకు తలా మూడెకరాలు రాసిందని. ఆసామి ఒక్క ముక్క చెప్పలేదు. అధికారులు వచ్చి కొలిచిన రోజున పొలంలో పంట ఎవరిదని అడగలేదు. పట్టా కాగితాలతో ఆడవాళ్లు గెట్టు మీదికి పోతే గొల్లవాళ్లు కర్రలు పట్టుకుని ఎదురు నిలబడ్డారు. కులం పేరు పెట్టి మాటలు లేచాయి. కేసులయ్యాయి. ఒకే చెరువు కింద కూలికి పోయే వాళ్లు, ఒకే హోటల్లో చాయ తాగే వాళ్లు రెండేళ్లు మాట్లాడుకోలేదు. ఎకరం ఐదు లక్షల లెక్కన తొంభై లక్షలు జేబులో వేసుకున్న ఆసామి మాత్రం ఆ ఊరి ముఖం మళ్లీ చూడలేదు!

ఈ తగాదాలో న్యాయం ఎవరి వైపు? మా సంఘంలోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. దళిత మహిళ పేర పట్టా వచ్చింది, దాన్ని కాపాడటమే మన పని అని కొందరన్నారు. ఆ మాట ముమ్మాటికీ సరైనదే. తరాల తరబడి సెంటు భూమికి నోచుకోని వాళ్లకు దక్కిన మూడెకరాలను ఎవరు అడ్డుకున్నా మేము ఎదుర్కొంటాం. కాని పధ్నాలుగేళ్లు దున్నినవాడి చేతిలోంచి భూమి లాగి, ఇంకో పేదవాడి చేతిలో పెట్టి, ‘మీలో మీరు తేల్చుకోండి’ అనే పద్ధతిని సంస్కరణ అనగలమా? చివరికి ఇరువర్గాలనూ రచ్చబండ దగ్గర కూర్చోబెట్టాం. నిలబడి వున్న పత్తి దున్నినవాడే ఏరుకోవాలని, ఏరగానే భూమి ఖాళీ చెయ్యాలని, అతనికి వేరే భూమి కోసం ఆ ఆరుగురు మహిళలు కూడా తాసీల్దారు కచేరీకి సంతకం పెట్టాలని ఒప్పందమైంది. ఆ మహిళలు సంతకాలు పెట్టారు. కౌలుదారుకు ఇప్పటికీ భూమి రాలేదు. తన వాటా సగం మాత్రమే నెరవేరిందని అతను అంటాడు. అది కాదనే ధైర్యం మాకు లేదు.

ఈ పరిస్థితి రాకుండా చూసే చట్టాలు లేక కాదు. కోస్తా, రాయలసీమలకు వర్తించే 1956 కౌలుదారీ చట్టంలో, 1974 సవరణ తర్వాత, భూస్వామి భూమి అమ్మదలుచుకుంటే ముందుగా కౌలుదారుకే చెప్పాలని వుంది. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు భూమి కొనుక్కునే హక్కు ఇచ్చింది. సొంత డబ్బుతో కొనుక్కోలేని కౌలుదారు కోసం సర్కారే కొనిపెడితే ఈ చట్టాల ఆత్మ నిలబడేది కాదా? అట్లా జరగలేదు. ఎందుకంటే కౌలుదారు ఎక్కడా కనపడడు. 2011లో ఆంధ్రప్రదేశ్‌లో సాగుదార్లకు రుణ అర్హత కార్డులన్నారు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టమన్నారు, దానికి భూయజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెట్టే యజమాని ఎక్కడున్నాడు? తెలంగాణలో రికార్డుల ప్రక్షాళన అయ్యాక, 2020లో ధరణి వచ్చాక, పహాణీలో వుండే సాగుదారు గడే లేకుండా పోయింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. సాగులో ఎవరున్నారో ఊరి ముందు అడిగి రాసుకునేదాకా ఏ పోర్టలైనా పట్టాదారు అద్దమే. పశ్చిమబెంగాల్లో 1978లో ఆపరేషన్ బర్గా మొదలుపెట్టినప్పుడు మొదట చేసిన పని ఇదే. అధికారులు ఊళ్లలో మకాం వేసి, సాయంత్రం కూలీలు, కౌలుదార్లు పని నుంచి వచ్చాక కూర్చోబెట్టి, ఎవరు దున్నుతున్నారో నమోదు చేశారు. సుమారు 14 లక్షల మంది వాటాదార్లు పుస్తకాలకెక్కారు. పైసా పెట్టి భూమి కొనకుండానే!

లబ్ధిదార్ల ఎంపిక సంగతి ఎక్కువ చెప్పనక్కర లేదు. గ్రామసభ చెయ్యాల్సిన పనిని ఎమ్మెల్యే మనుషులు చేశారు. జాబితాలో ఎవరి పేరు వుండాలో వాడలో కాక క్యాంపు ఆఫీసులో తేలింది. 2017 సెప్టెంబరులో కరీంనగర్ పక్కన, మూడెకరాల జాబితాలో తమకు అన్యాయం జరిగిందని ఇద్దరు దళిత యువకులు మానకొండూరు ఎమ్మెల్యే కార్యాలయం ముందు ఒంటికి నిప్పంటించుకున్నారు. ఆ రోజు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఎంపిక పద్ధతిని మార్చాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

భూమి చేతికొచ్చాక కథ మళ్లీ మొదలు. మూడెకరాల మెట్టకు నీరు లేకపోతే అది ఆస్తి కాదు, అప్పు. మొదటి ఏడాది విత్తనం, ఎరువు వస్తాయి. రెండో ఏడాది? బోరు పడకపోతే, కరెంటు స్తంభం రాకపోతే, ఆ అక్క తన మూడెకరాలను ఎవరికో కౌలుకిచ్చి మళ్లీ ఇంకొకరి పొలంలో కలుపుకు పోతుంది. చాలా చోట్ల ఇదే జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో చిక్కు. అక్కడ కార్పొరేషన్ కొనిచ్చిన భూమికి కొంత అప్పు తగిలించారు. భూమి కార్పొరేషన్ తాకట్టులో, పట్టా పేరుకు మాత్రం పేదవాడిది. ఏళ్లు గడిచినా హక్కు చేతికి రాలేదు, బ్యాంకు పంటరుణం ఇవ్వలేదు. 2023 నవంబరులో ఆ అప్పులు రద్దు చేస్తున్నామని, పూర్తి హక్కులిస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. అయితే అదే ఏడాది అసైన్డు భూములను 20 ఏళ్ల తర్వాత అమ్ముకోవచ్చునని చట్టం మార్చారు. అప్పుల్లో మునిగిన పేదవాడికి అమ్ముకునే హక్కు ఇస్తే కొనేది ఎవరు? పక్క పొలం పెద్దాసామి. ఎకరం ఎకరం కొని పేదకిచ్చే పథకం ఒక పక్క, ఎకరం ఎకరం పేద చేతిలోంచి జారే దారి ఇంకో పక్క. ఈ రెంటినీ కలిపి చూడకుండా కేవలం పంచిన లెక్కలు చూపిస్తే మోసపోతాం.

భూమి గొడవ వద్దు, డబ్బే ఇచ్చేద్దాం అన్న ఆలోచన కూడా వచ్చింది. 2021లో హుజూరాబాద్‌లో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలన్నారు. ఆ తర్వాత మూడెకరాల మాట వినబడటం తగ్గిపోయింది. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలన్నది. అందులోనూ ఉపాధి పనిలో 20 రోజులు చేసివుండాలన్న షరతు. అదే రోజుల్లో భూమి వున్నవాడికి ఎకరాకు ఏడాదికి 12 వేలు ప్రకటించింది. అంటే పదెకరాల ఆసామికి లక్షా ఇరవై వేలు, అతని పొలంలో నాట్లు వేసే కుటుంబం మొత్తానికి 12 వేలు. కౌలుదారుకైతే అందులో ఒకటీ పడలేదు. సాయం కూడా ఎకరాల కొలతతోనే నడుస్తోంది. భూమి వుంటేనే మనిషి లెక్కకొస్తాడు ఈ రాజ్యంలో. అంచేతనే డబ్బు తీసుకుని భూమి ప్రశ్నను వదిలెయ్యమనే మాటకు మేము ఒప్పుకోం.

ఇప్పుడు, గడప తొక్కవద్దనే మిత్రులకు మా జవాబు. భూస్వామికి డబ్బిచ్చి కొనడం భూసంస్కరణ కాదన్నది నిజం. కాని కూలీ తల్లి పేర వచ్చే మూడెకరాలను సిద్ధాంతం పేరుతో కాదంటే, ఆ మూడెకరాలు పెత్తందారు పాలేరు పేరు మీదికో, సర్పంచు బావమరిది పేరు మీదికో పోతాయి. మనం దూరంగా నిలబడితే పథకం ఆగదు, మనవాళ్లు లేకుండా నడుస్తుంది. అట్లాగని ఇచ్చినకాడికి కళ్లు మూసుకుని తీసుకుంటే రాళ్ల దిబ్బ, ఎండిన బోరు, ఇంకో పేదతో పగ మిగులుతాయి. వెలుగు పథకంలో సుమారు 5 వేల మంది మహిళలకు తలా ఎకరం లోపే దక్కింది, అప్పు కూడా వుంది. అయినా అందులో ఒక మంచి పద్ధతి వుండేది. భూమిని వెతికింది, ధర మాట్లాడింది మహిళా సంఘాలే. ఆడవాళ్లు పొలం చుట్టూ తిరిగి, మట్టి చేతిలోకి తీసుకుని, ‘ఇది పల్లేరు తప్ప ఏం పండదు, మాకొద్దు’ అని చెప్పగలిగారు. ఆ మాట చెప్పే హక్కు మన పోరాటంలో మొదటిది కావాలి.

కాబట్టి మన సంఘాలు చెయ్యవలసిన పని ఇది. ఏ ఊళ్లో భూమి కొనే మాట వచ్చినా, మొదట ఆ సర్వే నంబర్ల పాత పహాణీలు తీయించండి. అమ్మేవాడి కుటుంబం సీలింగు డిక్లరేషన్ ఇచ్చిందా, ఇస్తే అందులో ఈ భూమి వుందా అని ఆర్డీవో కచేరీలో రాతపూర్వకంగా అడగండి. మిగులు తేలితే కొనుగోలు ఆపి ఉచితంగా స్వాధీనం చేసుకోమని అర్జీ పెట్టండి. సాగులో కౌలుదారు వుంటే అతను భూమిలేని పేదైతే ముందు అతని వాటా తేలాలి, అతని కులం ఏదైనా సరే. ఎస్సీ నిధిలోంచి కుదరదంటే వేరే పద్దులోంచి కొనమని మనం పట్టుబట్టాలి. ఒకరి నిధిని ఇంకొకరికి మళ్లించమని మేము అడగడం లేదు. ఎస్సీ సబ్‌ప్లాన్ డబ్బు రూపాయి కూడా పక్కకు పోకూడదు. ధర గ్రామసభలో, మైకు ముందు చెప్పాలి. నీరు చూసి, బోరు వేసి, కరెంటు ఇచ్చాకే రిజిస్ట్రేషను కావాలి. గెట్టు రాళ్లు పాతి పొజిషన్ చూపించిన రోజునే అమ్మకందారుకు చివరి చెక్కు ముట్టాలి, అంతకు ముందు కాదు. ఈ ఒక్క షరతు పెట్టించగలిగినా సగం తగాదాలు పుట్టవు.

ఇప్పటికే పట్టాలు వుండి భూమి మీదికి పోలేని కుటుంబాల జాబితా మండలాల వారీగా రాయాలి. పక్కనే, ఆ భూముల నుంచి వెళ్లగొట్టబడిన కౌలుదార్ల జాబితా కూడా అదే పుస్తకంలో రాయాలి. రెండు జాబితాలు ఒకే దరఖాస్తుతో, రెండు వర్గాల వాళ్లూ కలిసి కలెక్టరేటుకు తీసుకుపోవాలి. ఉగాదికి కౌళ్లు మాట్లాడుకునే వేళ వస్తుంది, అప్పటికి ఈ పుస్తకాలు ప్రతి మండల కమిటీ చేతిలో సిద్ధంగా వుండాలి.